ఎంగిలి సీసా

ఆగస్టు 4

ఇవాళ నా సొంత కణాలు నా చేతికిచ్చారు. అరచేతిలో పట్టే ఫ్లాస్క్, అడుగున కాస్త ఎర్రటి నీళ్లు. మామూలుగా చూస్తే ఏమీ ఉండదు. మైక్రోస్కోప్ కింద పెడితే ఉన్నాయి, దూరం దూరంగా, ఒకదానితో ఒకటి మాటల్లేనట్టు. కిడ్నీ కణాలు. చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మా ప్రాజెక్ట్ గైడ్ మేడమ్ వాటిని నత్తలు అంటారు.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ అంతా ఈ ఫ్లాస్క్ మీదే. ప్రాజెక్ట్ బాగుంటే పెద్దాసుపత్రి సెల్ ల్యాబ్‌లో ట్రైనీ పోస్టు. ఏటా మా కాలేజీ నుంచి ఒక్కరినే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ ఒక్కరు ఎవరో మేడమ్ చెబుతారు. అది రాకపోతే సెల్ బయాలజీ చదివినవాళ్లకు మిగిలేవి ట్యూషన్లు, లేదంటే మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడటం.

నాన్న బస్ కండక్టర్. అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే సగం డాక్టర్ అంటాడు. ఇంటికెళితే చాలు, పక్కింటి పిన్నిగారు మోకాలు చూపిస్తుంది. నేను చదివేది కణాల గురించండీ అంటే, మోకాల్లో కణాలుండవా ఏంటి అంటుంది. ఉంటాయి. ఏం చెప్పను.

ఆగస్టు 6, ల్యాబ్‌లోనే

ఇక్కడ ఒకటే రూలు. ఎవరి మీడియం సీసా వాళ్లదే. మీడియం అంటే కణాల తిండి. ఒకరి కణాలను తాకిన పిపెట్, అంటే మీడియం పీల్చి పోసే గొట్టం, ఇంకొకరి సీసాలో మునిగిందంటే ఆ సీసా ఎంగిలైనట్టే. ఈ మాట మేడమ్‌దే. ఎంగిలి సీసా పైకి మామూలుగానే ఉంటుంది. కానీ తొందరగా పెరిగే కణాలు కాసిని అందులో పడితే చాలు, కొన్ని వారాల్లో ఫ్లాస్క్ అంతా వాటిదే. నెమ్మదిగా పెరిగేవాటికి చోటే ఉండదు. అందుకే సీసాలకు రంగు టేపులు. నాది పసుపు. అక్కది ఆకుపచ్చ.

అక్క నా తోబుట్టువు కాదు. మేడమ్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్, నా రూమ్మేట్. ఆమెవి క్యాన్సర్ కణాలు, తెల్లారేసరికి కిక్కిరిసిపోతాయి. పిపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి నాకన్నీ ఆమే నేర్పింది. గ్లవ్స్ వేసుకుని నేను దుమ్ము చొరబడని గాజుపెట్టె లాంటి హుడ్ ముందు కూర్చున్నప్పుడు జుట్టు కళ్లలో పడితే, వెనకనుంచి వచ్చి చెవి వెనక్కి సర్ది పోతుంది. అడగక్కర్లేదు.

ఆగస్టు 19

అనాటమీ వైవా. నిన్నంతా అక్క నా చేతి మీద స్కెచ్ పెన్నుతో కండరాలు గీసి పేర్లు రాసింది, నేను ఆమె మెడ మీద రాశాను. అవేవీ కడుక్కోకుండానే సబ్బు కొనడానికి వెళ్లాం. షాపతను చిల్లర ఇస్తూ నా మోచేయి చదవబోయాడు. అక్క మొహం సీరియస్‌గా పెట్టి, ఇది తప్పిపోతుంటుందండీ, అందుకే అడ్రస్ రాసి పెట్టాం అంది. ఆయన అయ్యో పాపం అన్నాడు. బయటికొచ్చాక నవ్వాపుకోలేక ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను.

వైవా బాగా చేశాను. సబ్బు మాత్రం షాపులోనే మర్చిపోయాం.

ఆగస్టు 30

అమ్మకు జ్వరం. ఇంటికి వెళుతున్నాను. ఆదివారం నత్తలకు మీడియం మార్చాలి. అక్క తను మారుస్తానంది. వెళ్లిరావే, నీ పిల్లలకు నేను లేనా అంది.

సెప్టెంబర్ 1

అమ్మకు తగ్గింది. అక్కకు ఫోన్ చేశాను. నత్తలు సుబ్బరంగా భోంచేశాయట.

సెప్టెంబర్ 26

నత్తలు పరిగెడుతున్నాయి! ఫ్లాస్క్ నిండిపోయింది. ఇన్ని రోజులూ కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసి చూడటం, ఉసూరుమంటూ మూయడం. ఇవాళ మేడమ్‌ని చేయి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. చాలాసేపు చూశారు. మంచి చెయ్యే అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. ఆవిడ పొగడ్త ఎప్పుడూ అంతే.

కేక్ కొన్నాను. అక్క ఒక్క ముక్క తిని తలనొప్పంటూ పడుకుంది. షుగర్ ఉన్నా మేడమ్ కూడా తిన్నారు.

అక్టోబర్ 9

కణాల ఆకారం మారినట్టుంది. పుస్తకంలో ఇవి గచ్చు మీద రాళ్లు పరిచినట్టు ఉండాలి. నావి పొడుగ్గా సాగి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అక్కను అడిగాను. తిండి బాగా ఒంటబడితే మనుషుల ఆకారం మారదా ఏంటి, నిన్ను నువ్వు చూసుకో అంది. దిండు తీసి కొట్టాను.

ఆమె చెప్పాక ఇంకేం అనుమానం.

నవంబర్ 12

ప్రాజెక్ట్ సెమినార్. అరగంట మాట్లాడాను, ఎక్కడా తడబడలేదు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఊరికే చూద్దామని మైక్రోస్కోప్‌లో కన్నుపెట్టాడు. ఇవి కిడ్నీ కణాలేనా అమ్మా అని అడిగాడు. అవునన్నాను. ఒకసారి ఐడెంటిటీ టెస్టుకు పంపించండి అని మేడమ్‌తో అన్నాడు. తప్పకుండా సార్ అన్నారు మేడమ్. నాకేం భయం వేయలేదు. పంపించుకోండి.

నవంబర్ 27, సాయంత్రం

టెస్టు వచ్చింది. నా ఫ్లాస్క్‌లో కిడ్నీ కణం ఒక్కటి కూడా లేదు. అన్నీ అక్కవి.

మేడమ్ గదిలో నిలబెట్టి అడిగారు. ఎవరి సీసా ముట్టుకున్నావు, ఎప్పుడు ముట్టుకున్నావు, మొదటి రోజే చెప్పానా లేదా. అక్క పక్కనే ఉంది. చిన్నపిల్ల మేడమ్, తొందరలో చేసుంటుంది, వదిలేయండి అంది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

అన్ని నెలల పనీ చెత్తబుట్టలోకి పోయింది. పోస్టు సంగతి అడిగే ధైర్యం లేక వచ్చేశాను.

నవంబర్ 28

ఎప్పుడు చేశాను?

డిసెంబర్ 3

అన్నం సహించడం లేదు. హుడ్ ముందు కూర్చున్న ప్రతిసారీ ఏం చేశానో ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటున్నాను. ఆకుపచ్చ టేపు సీసా ముట్టుకున్న గుర్తే లేదు. గుర్తు లేకపోవడం కూడా తప్పులాగే ఉంది. అమ్మ ఫోన్ చేస్తే జలుబన్నాను. నాన్న అవతలినుంచి, ఆసుపత్రిలో ఎప్పుడు చేరాలట అని కేకేస్తున్నాడు.

అక్క కంచంలో పెట్టి తెచ్చి బతిమాలింది. ఎవరికైనా జరుగుతుందే అంది. ఆమె మంచితనం చూసి ఇంకా ఏడ్చాను.

డిసెంబర్ 8

అడిగాను.

పొద్దున అక్క అద్దం ముందు తల దువ్వుకుంటోంది. నేను ఊరెళ్లినప్పుడు నా నత్తలకు నువ్వే కదా మీడియం మార్చావు, ఏ సీసాలోంచి పోశావు అన్నాను. నిందవేయడానికి అడగలేదు. నా చేతులు రెండూ వెతికేశాను, మిగిలినవి ఆమె చేతులు, అంతే. నీకేమైనా పిచ్చా అంటుందనుకున్నాను. అంటే నమ్మేదాన్ని.

నీ సీసాలోంచే అంది. ఆ రోజు తన ఆకుపచ్చ సీసా ఖాళీ అయిందట. కొత్తది కలపడానికి బద్ధకమేసి, నా పసుపు సీసాలోంచే ముందు తన కణాలకు పోసుకుందట. అదే పిపెట్ మళ్లీ అందులోనే ముంచి నావాటికి పోసిందట. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుందట. చెబుతున్నంతసేపూ దువ్వెన ఆగలేదు. పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పింది.

నీకెప్పుడు తెలిసింది అన్నాను. నీ ఫ్లాస్క్ నిండడం మొదలైనప్పుడే, నా కణాల్ని నేను గుర్తుపట్టనా అంది. మరి నాకెందుకు చెప్పలేదంటే, మేడమ్‌కి చెప్పానుగా అంది.

మేడమ్‌కి అప్పుడే చెప్పిందట. మేడమ్ పేపర్ అప్పుడే జర్నల్‌కి వెళ్లింది, అందులో ఉన్నదంతా అక్క చేసిన పని. సీసాలు కలిపే మనిషని బయటపడితే ఆ పని ఎవరు నమ్ముతారు. కొన్నాళ్లు ఊరుకో అన్నారట. దానిది ఎమ్మెస్సీ ప్రాజెక్టే కదా, ఎవరు చూడొచ్చారు అన్నారట.

అప్పుడు ఏడ్చింది అక్క. పీహెచ్‌డీ పోతే ఇంట్లో మొహం ఎలా చూపించనే అంది. నాకు ఒక్క కన్నీటి చుక్క కూడా రాలేదు. తప్పు చేసి నోరు మూసుకుందంటే భయపడిందనుకుంటాను, నేనైనా భయపడేదాన్ని. కానీ చిన్నపిల్ల, వదిలేయండి అని నా మీద జాలి పడింది చూడు, ఆ మాట దగ్గర కడుపు మండిపోతోంది. ఆ జాలికి నేను లోలోపల దండం పెట్టుకున్నాను కూడా.

డిసెంబర్ 9

అంతా తెలిసే కేక్ తిన్నారు ఇద్దరూ.

డిసెంబర్ 11

మేడమ్ పిలిచారు, నేను అడిగిన సంగతి అక్క చెప్పేసినట్టుంది. తలుపు దగ్గరికి వేసి కూర్చోమన్నారు. ఆ గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆసుపత్రికి నీ పేరే పంపుతున్నాను అన్నారు. వాళ్లకు ఫోన్‌లో చెప్పేశాను, పొరపాటున కణాలు కలిపేసింది కానీ పని వచ్చిన పిల్ల అని. అడిగితే అవును, నేనే చేశాను, నేర్చుకున్నాను అను. లేదు, గొడవే చేస్తానంటావా, నీ ఇష్టం, అప్పుడు నేను ఎవరి పేరూ పంపను అన్నారు. ఇదంతా నీ మంచికే అమ్మా అన్నారు. మాట్లాడుతూ చేతులకు తీరిగ్గా క్రీమ్ రాసుకున్నారు.

లేచి వచ్చాను. మెట్లు దిగాక అనాల్సినవన్నీ నోటికొచ్చాయి.

డిసెంబర్ 14

రూమ్ మారాను. అక్క సామాను మోయబోయింది. వద్దన్నాను. ఇన్నాళ్లలో ఆమెకు వద్దు అని చెప్పడం ఇదే మొదలు.

జనవరి 6

ఇంటర్వ్యూ. నాన్న డ్యూటీ మార్చుకుని నాతో వచ్చాడు. దారంతా బస్సు కిటికీ పక్కన కూర్చుని నిజం ఎలా చెప్పాలో మనసులో వల్లెవేసుకున్నాను. మొదట మా మేడమ్ పేరు, తర్వాత అక్క. ఎవరినీ తిట్టకుండా, జరిగింది జరిగినట్టు.

లోపల ఒక డాక్టరమ్మ, ఒక పెద్దాయన. కణం గురించి అడిగారు, ఎముకల గురించి అడిగారు, అన్నీ చెప్పాను. తర్వాత డాక్టరమ్మ మెత్తగా, మీ ప్రాజెక్ట్‌లో కణాలు కలిసిపోయాయట కదా, ఎలా జరిగింది అంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. తలుపుకున్న అద్దంలోంచి నాన్న కనబడ్డాడు. అటెండర్‌ను ఆపి ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతూ. ఏం చెబుతున్నాడో నాకు తెలుసు.

నేనే చేశానండీ అన్నాను.

ఎలా అంటే, అదీ చెప్పాను. సీసా ఖాళీ అయిందని, కొత్తది కలపడానికి బద్ధకమేసిందని, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నానని. అక్క చెప్పింది చెప్పినట్టు, పొల్లుపోకుండా.

జనవరి 20

ఉద్యోగం వచ్చింది. డాక్టరమ్మే ఇంటికి ఫోన్ చేసి నాన్నతో మాట్లాడిందట. మిగతా కాలేజీలవాళ్లు మీ అమ్మాయికన్నా తెలివైనవాళ్లే, కానీ చేసిన తప్పు దాచకుండా చెప్పింది ఈ అమ్మాయొక్కతే, అందుకే తీసుకున్నాం అందట. సగం డాక్టర్ మాట మానేశాడు నాన్న. మా అమ్మాయి అబద్ధమాడదండీ అని బస్సులో టికెట్ తీసుకున్న ప్రతివాళ్లకూ చెబుతున్నాడు.