తుడిచేసిన సుద్దగీత

హెరెస్,
ఆదివారం

అమ్మకు,

ఎన్‌కార్నా ముద్దులు. ఇక్కడ మేమంతా బాగున్నాం. కాదిస్‌లో నీ మోకాలి నొప్పి తగ్గిందని అన్నయ్య రాస్తే మనసు కుదుటపడింది.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. కిటికీలకు కొత్త గడ్డిచాపలు కట్టించాం. కింది వరస పీపాల్లోంచి తీసినంత వైనూ పై వరసల లేతదానితో నింపడం పూర్తయింది. వైను మీద తేలే పువ్వుకు గాలి ఆడేలా ప్రతి పీపాలోనూ పైన ఖాళీ వదిలాం. ఈసారి మన తేలిక వైను ఫినో మీద ఆ తెల్లని పొర మీగడలా కట్టింది. ఒళ్లు బరువుగా ఉన్న కొత్త వైనుకు సారా ఎక్కువ పోయించి, పీపాల మీద సున్నా గీసి, పువ్వు లేకుండా ముదిరే ఒలొరోసో వైపు పంపాం. మీ అల్లుడికి పొట్ట వచ్చింది. "నాకూ ఒక సున్నా గీయించవే" అంటున్నారు.

ఇక, నాన్న పోకముందు ఫినో గుర్తుగా ఒంటిగీత గీసి పక్కన పెట్టిన పీపా సంగతి. పువ్వు చచ్చిపోతే వైను పులిసినట్టేననీ, మిగతావాటికి అంటకముందే వెనిగర్ బండికి ఎత్తించమనీ రాశావు. పువ్వు చచ్చిపోయిందమ్మా. బండిని గురువారం రమ్మన్నాను కూడా.

ముందురోజు మేస్త్రీ బాల్దొమేరో పొడుగు కాడ గరిటె ముంచి, గ్లాసులోకి పోసి నాకిచ్చాడు.

"పులిసిందా?" అన్నాను.

"పులవలేదమ్మగారూ! పువ్వు తినాల్సిందంతా తినేసి పోయింది, అంతే. దోరగా వేగిన హేజెల్‌నట్ వాసన రావట్లా?"

"అమ్మ బండికెత్తమంది."

"పెద్దమ్మగారు కాదిస్‌లో కూర్చుని వాసన చూశారా ఏంటి? ఇప్పుడు సారా పోస్తే గాలికి ముదిరి, రంగు తిరిగి అమోంతియాదో వైను అవుతుంది. ఇలాగే వదిలేస్తే నిజంగానే వెనిగర్. ఏదో ఒకటి చెప్పండి."

నీకు రాసి జవాబు కోసం ఆగాల్సింది. ఆగలేదు. సారా పోయించి ఘాటు పద్దెనిమిది డిగ్రీలకు తెప్పించాను. ఇక అది ఎప్పటికీ ఫినో కాదు. గుర్తు మార్చమంటే బాల్దొమేరో గుడ్డ నా చేతిలో పెట్టి, "మీ నాన్నగారి గీత నేను చెరపను" అన్నాడు. నేనే తుడిచాను. గురువారం వచ్చిన బండిని ఖాళీగా తిప్పి పంపాను.

ఈ ఉత్తరంతో ఒక సీసా పంపుతున్నాను. సారా ఘాటు ఇంకా విడిగా తెలుస్తుంది, కలిసిపోవడానికి ఏళ్లు పడుతుంది. చల్లబరచకుండా తాగు. నాన్న రుచి కాదది, నాకు తెలుసు. కానీ మన కొట్టులోనే ఉంది.

బాల్దొమేరోను ఏమీ అనకు. ఈస్టర్‌కి వచ్చి, పీపా ఎదురుగా కూర్చుని నన్నే తిడుదువు గాని. కుర్చీ అక్కడే వేయించాను.

ఇట్లు,
నీ మాట వినని చిన్న కూతురు
ఎన్‌కార్నా