శిలువ మీద చెక్కవలసిన పేరు

తార్తు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర విద్యార్థిని, రైతు మిహ్‌కెల్ రోజెంతాల్ కూతురు వైకె పిహ్లక్ అనే నేను, రేపు ఉదయం నా ఎడమ ఊపిరితిత్తికి శస్త్రచికిత్స జరగనున్నందున, జ్వరం దిగిన ఈ మధ్యాహ్నం, పూర్తి తెలివితో, ఎవరి ప్రేరేపణా లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నేను లేవకపోతే నా శిలువ మీద ఏ ఇంటిపేరు చెక్కాలన్నదే దీనికి అసలు కారణం. మిగతావి కొద్దిపాటి వస్తువులు.

1. దీని అమలు బాధ్యత ఈ అద్దె గదిలో నాతోపాటు ఉంటున్న ఎల్మా తోర్క్‌ది. ఎల్మాకు ఏడుపు తొందరగా వస్తుంది గాని, మొదలుపెట్టిన పని మధ్యలో వదలదు.

2. నా సైకిల్ తమ్ముడు కాల్యొకు చెందాలి. జర్మన్ ఇంటిపేర్లు వదిలి మన ఎస్తోనియా పేర్లు పెట్టుకోమని పోయిన వసంతంలో ప్రభుత్వం పిలుపు ఇచ్చినప్పుడు, ఆ సైకిల్ మీదే మా ఊళ్ళన్నీ తిరిగాను. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి పేర్లు సూచించాను. పొరుగింటి కుస్తా పాలు పితుకుతూ, “ఏమే పిల్లా, నిన్నటిదాకా నా ఆవు నన్ను చూసి గుర్తుపట్టేది. ఇక కాగితం చూపిస్తేగాని పాలివ్వదేమో!” అన్నాడు. అన్నవాడే జూన్ మంటల పండుగనాటికి కొత్త పేరుతో తిరిగాడు. వెనుక చక్రం బ్రేకు పట్టదు, కాల్యొ జాగ్రత్త.

3. ఎప్పు అనే మా నాయనమ్మ నోటినుంచి విని రాసుకున్న మాటల చీటీలు విశ్వవిద్యాలయ సేకరణకు ఇవ్వాలి. మంచుకు ఆమె దగ్గర ఎన్ని మాటలున్నాయో విన్నాకే నేను భాషను ప్రేమించాను. తిట్ల చీటీలను తీసివేయరాదు. ఈ షరతు మా ఆచార్యులవారిని ఉద్దేశించినది. “నాగరికం కాదు” అని నా చీటీలను ఒకసారి అందరి ముందూ చించారు. అది నేను మరచిపోలేదు.

4. నాయనమ్మ అల్లిచ్చిన చేతి తొడుగులు తిరిగి నాయనమ్మకే. పెట్టెలో దాచకుండా తొడుక్కోవాలి.

5. ఇక పేరు సంగతి. మా ముత్తాతకు రోజెంతాల్ అన్న పేరు జర్మన్ జమీందారు గుమస్తా తగిలించాడు. మా వాకిట్లో ఎర్రకాయలు కాసే పిహ్లక్ చెట్టు ఉంది. ఆ పేరే మా ఇంటికి ఎంచాను. నాయనమ్మ నవ్వింది, కాల్యొ ఎగిరాడు. నాన్న లేచి ఆవులకు మేత వేయడానికి వెళ్ళాడు.

ఆగస్టులో సమాధుల ఆదివారం వచ్చింది. అందరమూ మా వాళ్ళ సమాధుల చుట్టూ ఇసుక దువ్వి, వెనక్కి నడుస్తూ మా అడుగుల గుర్తులు చెరిపివేస్తున్నాం. చిన్నాన్న హిండ్రెక్ రాయి దగ్గర నాన్న ఆగాడు. చిన్నాన్న స్వాతంత్ర్య యుద్ధంలో పోయాడు. అప్పటికి నా ఇప్పటి వయసే. నాన్న ఇసుక దువ్వే పళ్ళ కర్ర మీద చేతులు ఆనించి అన్నాడు: “బతికున్నవాళ్ళందరినీ అడిగావు తల్లీ. వీణ్ణెవరు అడుగుతారు? ఈ దేశం కోసం ఈ పేరుతోనే చచ్చాడు. అందరం మారిపోతే, ఈ రోజెంతాల్ ఎవరో అని రేపు పిల్లలు అనుకోరూ?”

గుమస్తా ఇచ్చిన పేరు మోయడం దాస్యమని వాదించాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. శరత్కాలంలో నా కొత్త పేరు కాగితం వచ్చింది. క్రిస్మస్ నాడు రక్తపు సాసేజీల పళ్ళెం నాకూ నాన్నకూ మధ్య మాటల్లేకుండానే తిరిగింది. నాయనమ్మ, “ఇద్దరి నోళ్ళూ గడ్డకట్టాయా? కనీసం ఉప్పయినా అడగండర్రా!” అని తిట్టింది. ఫిబ్రవరిలో దేశం పుట్టినరోజున జెండా ఎగరేసింది నాన్నే. జెండా తాడు పట్టుకుని నేను దగ్గాను. తెల్లటి మంచు మీద ఎర్రగా పడింది. ఆ రోజు మళ్ళీ మాట్లాడుకున్నాం, కానీ పేరు గురించి కాదు.

6. పై అంశాలు రాసి ముగిద్దామనుకుంటుండగా నాన్న రైలు దిగి వచ్చాడు. కోటు విప్పకుండానే మంచం మీద కూర్చుని, జేబులోంచి మడిచిన దరఖాస్తు తీశాడు. పిహ్లక్ అన్న పేరుకోసం, తన సొంత చేతిరాత. “సాయంత్రం ఇచ్చేస్తా. నువ్వు గెలిచావు. లేచి రా, అంతే,” అన్నాడు.

అందువల్ల ఈ చివరి అంశాన్ని ఎల్మా అక్షరం పొల్లుపోకుండా పాటించాలి. ఆ దరఖాస్తును నేను తీసుకుని చింపివేశాను. నాన్న ఇంకొకటి రాస్తే దాన్నీ ఆపాలి. నేను పోతే నన్ను చిన్నాన్న పక్కన, వైకె రోజెంతాల్ అన్న పేరుతోనే పడుకోబెట్టాలి. అక్కడ ఆయన ఒంటరిగా ఉండరాదు. నేను బతికితే పిహ్లక్‌నే. నాన్న రోజెంతాలే. ఒకే బల్ల దగ్గర తింటాం, వాదించుకుంటాం, ఉప్పు అడుగుతాం.

ఇది విని నాన్న కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. “మొండిదానా, రెండోదే చెయ్యి,” అన్నాడు.

తార్తు, 1936 మార్చి 17.

చేవ్రాలు: వైకె పిహ్లక్

సాక్షులు: అదేలె కుక్క్, ఇంటి యజమానురాలు, మిహ్‌కెల్ రోజెంతాల్, తండ్రి. ఈ వీలునామా ద్వారా ఆయనకు ఏ ఆస్తీ సంక్రమించడం లేదు.