“మా వంశంలో ఎవరికీ లేదు” అన్నవాడి వీలునామా

కీర్తిశేషులు కంబళ్ళ నరసింహులు కొడుకును, కంబళ్ళ దాసప్పను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి బోరు మోటార్ల రీవైండింగు, నివాసం శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ. బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తోనే ఈ వీలునామా రాస్తున్నాను. ప్రాస్టేటు క్యాన్సరు నా ఎముకల్లోకి దిగింది. తలలోకి దిగలేదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. ముసలోడికి మతి లేదని రేపు ఎవరూ అనకూడదు.

నిరుడు రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కారణం ఏడో అంశంలో ఉంది. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు హేమలతది. ఆమె హిందూపురంలో టీచరు. నా కొడుకు చంద్రమోహన్ నొచ్చుకోవద్దు. వాడికి సొంత లైసెన్సు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు.

1. పెనుకొండలోని మూడు గదుల ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్య అంజినమ్మకు. ఆమె తదనంతరం ఎవరికివ్వాలో ఆమె ఇష్టం. నలభై ఆరేళ్ళు నా నోటిని భరించింది. ఆమెకు నేనిచ్చేది తక్కువే.

2. నల్లమాడ దగ్గర మా నాయన నా పేర రాసిన మెట్ట చేను నాలుగు ఎకరాల్లో రెండు హేమలతకు, రెండు చంద్రమోహన్‌కు. పెళ్ళయిన బిడ్డకు చేను దేనికి అని అడిగేవాళ్ళ కోసం ఈ కింది సంగతి రాస్తున్నాను.

మా వాళ్ళలో అత్తగారింటికి పోయిన ఆడబిడ్డ చనిపోతే పుట్టింటికి మూడు దినాలే మైల. మూడో దినం తలకు పోసుకుని, ఆమె వేరే ఇంటి మనిషి అనుకుంటాం. 2019లో హేమలతకు ముప్పై ఆరో ఏట రొమ్ములో గడ్డ తేలింది. మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా క్యాన్సరు వచ్చిందా అని డాక్టరు అడిగాడు. మా వంశంలో ఎవరికీ లేదు సార్ అని గట్టిగా చెప్పాను. నా అక్క నల్లమ్మ నలభై ఒకటో ఏట రొమ్ములో గడ్డతోనే పోయింది. నా చెల్లెలు అంకమ్మ నలభై ఆరేళ్ళకు అండాశయంలో గడ్డతో పోయింది. నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. వాళ్ళ ఇంటిపేర్లు మారాయి కాబట్టి నాకు వాళ్ళు తలపుకే రాలేదు. నా మాట నమ్మి ఆ డాక్టరు జీన్ పరీక్ష రాయలేదు. రెండేళ్ళకు బిడ్డకు రెండో రొమ్ములోనూ వచ్చింది.

3. బెంగళూరు ఆసుపత్రిలో, వంశంలో వచ్చే జబ్బుల గురించి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ భవానికి ఏటా మా చేని కొత్త చెనిక్కాయలు ఒక మూట పంపాలి. తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవంటుంది. అయితే వార్డులో అందరికీ ఉడకబెట్టి పంచమనండి.

హేమలతకు రెండోసారి తేలాక పోతే, ఆమె కాగితం మీద మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీస్తూ, నాకు తోబుట్టువులెంతమంది అని అడిగింది. ఎవరూ లేరన్నాను. పక్కనున్న అంజినమ్మ ఊరుకోలేదు. “ఏమయ్యా, నల్లమ్మొదిన, అంకమ్మ నీతో పుట్టినోళ్ళు కాదా? వాళ్ళు యాడికి పోయిరి?” అంది. భవాని నా పక్కన రెండు సున్నాలు గీసి, చనిపోయారని రెంటి మీదా అడ్డగీత పెట్టింది. నాకు ఆ గదిలోనే ఏడుపొచ్చింది. ఆమె మంచినీళ్ళిచ్చి, తొందర లేదు పెద్దాయనా అంది.

తరువాత ఆమె చెప్పింది నా భాషలో రాస్తాను. నా మనవరాళ్ళు చదవాలి. ఒంట్లో కణాలను పెరగమని చెప్పే జీన్లు కొన్ని ఉంటాయి. అవి చెడిపోయి, ఆగకుండా పెరగమంటూనే ఉంటే వాటిని ఆంకోజీన్లంటారు. స్టార్టరులో కాంటాక్టులు అతుక్కుపోతే, ఆపు బటన్ నొక్కినా మోటారు తిరుగుతూనే ఉంటుంది చూడండి, అట్లా. జీన్లు జంటలుగా ఉంటాయి, ఇది జరగడానికి జంటలో ఒకటి చెడినా చాలు. ఇంకో రకం, ట్యూమర్ సప్రెసర్ జీన్లు. ఇవి కణాన్ని ఆపుతాయి, లోపల తెగినదాన్ని బాగుచేస్తాయి. ఇవీ జంటలే, నాయన నుంచి ఒకటి, అమ్మ నుంచి ఒకటి. ఒకటి పోయినా రెండోది పని నడిపిస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోదీ పోతే, ఆపైన ఇంకొన్ని జీన్లూ పాడైతే, గడ్డ మొదలవుతుంది. మాలో బి.ఆర్.సి.ఏ. టూ అనే జీన్ పుట్టుకతోనే ఒకటి చెడి ఉంది. అందుకే మాకు ప్రమాదం ఎక్కువ, అదీ చిన్న వయసులోనే. వచ్చి తీరుతుందని కాదు. బిడ్డలకు పోవడానికి సగం, పోకపోవడానికి సగం. మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా అంతే.

అంజినమ్మ రక్తంలో ఆ లోపం లేదు. నా రక్తంలో ఉంది. హేమలతకు ఇచ్చింది నేనే. నా బిడ్డ దానికి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పరీక్ష వల్లే ఆమెకు అండాశయాలు ముందుగానే తీశారు, సరిపోయే మందు దొరికింది. ఈ రోజు బడిలో పాఠం చెబుతోంది. నా రోగమూ ఆ పరీక్ష వల్లే పసిగట్టారు. మూడేళ్ళు నాకు ఊరికే వచ్చాయి, అందుకు అందరికీ దణ్ణం పెడుతున్నాను.

4. తాడిమర్రిలో ఉన్న అంజినమ్మ తమ్ముడు, నా బావమరిది ఓబులేసుకు, మా నాయన నేసిన నల్ల కంబళి. హేమలతకు జబ్బు తేలిన రోజు, ఇది మీ తాడిమర్రి నెత్తురే అని అతన్ని నలుగురిలో అన్నాను. మూడేళ్ళు ఆ గడప తొక్కలేదు. మా అత్త పోతే మట్టి వేయడానికి కూడా పోలేదు. అంజినమ్మ ఒక్కతే బస్సెక్కి పోయింది. రిపోర్టు వచ్చాక నేను పోయి అతని కాళ్ళు పట్టుకోబోతే, “లే బావా, ముందు బువ్వ తిను, ఎండకు వచ్చినావు” అన్నాడు. అంతకన్నా తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఓబులేసూ, నీకు నేను చేసింది తప్పు.

5. పెద్దల పండగకు బట్టలు పెట్టేటప్పుడు, నా పంచెతోపాటు నల్లమ్మకొకటి, అంకమ్మకొకటి చీరలు పెట్టాలి. వాళ్ళ రక్తం పరీక్ష చేయలేదు, కాబట్టి ఖాయంగా చెప్పలేమని భవాని అంటుంది. నాకు తెలుసు. వాళ్ళ పిల్లల దగ్గరికి నేనే పోయి విషయం చెప్పాను. ఒకడు తిట్టి పంపాడు. ఇద్దరు పరీక్ష చేయించుకున్నారు.

6. షాపు, వైండింగు మిషను, రాగి తీగ, వైండింగులో కరెంటు లీకు చూసే మెగ్గరు చంద్రమోహన్‌కు. మెగ్గరును కింద పడేయవద్దు.

7. నా జీన్ రిపోర్టు. ఇది ఆస్తి కాదని లాయరు నవ్వాడు. చేను కాక, నేను సంపాదించకుండానే పిల్లలకు ఇచ్చేది ఇదొక్కటే. దీని కాపీ చంద్రమోహన్‌కు ఇస్తున్నాను.

వాడు మూడేళ్ళుగా పరీక్ష వద్దంటున్నాడు. “ఈ మాట బయట పడితే పిల్లోళ్ళను యాడ ఇచ్చేది నాయనా?” అంటాడు. వాడికి ఇద్దరు బిడ్డలు. కీర్తనకు పదిహేడు, భాగ్యశ్రీకి పదమూడు. వాడి భయం నాకు తెలుసు, ఆ భయంతోనే నేనూ ఇద్దరు తోబుట్టువులను మరిచాను. అందుకని నిరుడు, పరీక్ష చేయించుకుంటేనే రెండెకరాలు అని రాశాను. భవాని చదివి, భయపెట్టి చేయించే పరీక్ష కాదిది, తెలుసుకోవడమూ వద్దనుకోవడమూ ఆయన హక్కు అంది. నిజమే. ఆ షరతు కొట్టేశాను. చంద్రా, పరీక్ష చేయించుకున్నా లేకపోయినా చేను నీదే.

కానీ ఆడపిల్లల ప్రాణం నీ హక్కు కాదు, నాదీ కాదు. రిపోర్టు కాపీతో ఒక్కొక్కరికీ ఒక కవరు హేమలత దగ్గర పెట్టాను. పద్దెనిమిది నిండిన రోజు అత్త వాళ్ళకు ఇస్తుంది. సగం వంతు, అది నీ దాకా రాకుండా నాలోనే ఆగిపోయి ఉండొచ్చు, నాయనా. అది తెలిస్తే ఆ కవర్లతో పనే ఉండదు. నీలో ఉన్నా, మీ అక్క బతికి ఉంది కదా, చూడు. నిన్ను బతిమాలుతున్నాను. ఇంతకు ముందు నేను ఎవరినీ బతిమాలలేదు.

ఇది నా ఆఖరి మాట. చదివి, సరిచూసి, సంతకం చేశాను.

పెనుకొండ, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) కంబళ్ళ దాసప్ప

సాక్షులు:
1. ఓబులేసు, తాడిమర్రి
2. క్రాంతి కుమార్, మెడికల్ షాపు, పెనుకొండ

ఇది రాస్తాండేది చంద్రమోహన్. ఏడో అంశం నాయన నాతోనే గట్టిగా చదివించినాడు. సగంలో కాగితం ఓబులేసు మామ చేతికిచ్చినా, మిగిలింది ఆయన చదివినాడు. అక్క దగ్గరుండే కీర్తన కవరు వాపసు తీసుకోండి. బయటికి పోయి ఆ పిల్లకు నేనే చెప్పొచ్చినా. రేపు రక్తం ఇచ్చేకి బెంగళూరు పోతాండా. కీర్తన తోడొస్తానంది.

(సంతకం) కంబళ్ళ చంద్రమోహన్