కోత పండుగ తూకం

ఇబ్రహీంపట్నం,
1949 అక్టోబరు 9, ఆదివారం.

అమ్మకు,

నీ లీదియా చేతులెత్తి పెట్టే వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేను, మీ అల్లుడు మత్తయి, బడి పిల్లలు అందరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గానీ నేను నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో కింద రాస్తాను.

ముందు ఒక పని చెయ్యి. ఈ ఉత్తరం తెచ్చినామె పొద్దున్నే బస్సెక్కి, మాల్ ఊరి దగ్గర దిగి ఇంకో బస్సు కోసం కాచుకొని, దేవరకొండలో దారి అడుక్కుంటూ నీ ఇల్లు చేరి ఉంటుంది. అరుగు మీద కూర్చోబెట్టి చెంబెడు మంచినీళ్ళివ్వు. కుండలో అంబలి ఉంటే అదీ పొయ్యి. ఆమె తాగాకే మిగతాది చదువు. నీ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావో వెతుక్కోవడానికి ఎలాగూ అంతసేపు పడుతుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. బడి కప్పు వానలకు ముందే గూన పెంకు పరిపించాం, ఈ ఏడు పిల్లల పలకలు తడవలేదు. మత్తయి దగ్గు తగ్గింది, బీడీ మాత్రం తగ్గలేదు. మిలిటరీ వాళ్ళ క్యాంపు జూన్‌లోనే ఎత్తేశారు. ఇప్పుడు గుట్టల్లోకి కట్టెలకు పోయేవాళ్ళను ఎవరూ ఆపి అడగడం లేదు. పక్కింటి రుక్కమ్మ ఇప్పటికీ చెరువులో వల తియ్యగానే నాలుగు చిన్న చేపలు తెచ్చి, "నూనె లేకుండ పులుసు వెట్టుకోయే టీచరమ్మా" అని గుమ్మంలో పెట్టి పోతుంది. నిన్ను అడిగానని రాయమంది.

ఇక అసలు సంగతి. మొన్న గొర్రెల చెన్నయ్య దేవరకొండ అంగడికి పోయి వచ్చాడు. నేను అడక్కముందే చెప్పాడు: "మీ అవ్వ కండ్లు పసుపు లెక్కున్నయి బిడ్డా. కుడి పక్క చెయ్యి వెట్టుకొని వంగి నడుస్తుంది. దవాఖానకు పోవే అంటే, నా బిడ్డ లెక్క ఎండుకపోయి బతుకుడు నాకొద్దన్నది."

నువ్వేమో నాకు "పైత్యం చేసింది, జీలకర్ర కషాయం తాగుతున్నాను" అని రాశావు. అమ్మా, కుడి డొక్కలో మొదలై భుజం దాకా లాగే నొప్పి, తిన్నది తిన్నట్టు కక్కడం, కళ్ళు పచ్చబడడం, ఇవన్నీ నాకు కొత్తవి కావు. రెండేళ్ళు నేను పడ్డవే. నువ్వు కోడిని కోసేటప్పుడు పగలకుండా జాగ్రత్తగా తీసి పారేస్తావే, ఆ చేదుకట్టు మనిషికీ ఉంటుంది. నాదాంట్లో రేగు గింజలంత రాళ్ళు పదకొండు పడ్డాయని, దాన్నే కోసి తీసేశారని నీకు తెలుసు. నీకూ అదే అయి ఉంటుందని నా భయం. కషాయానికి కరిగే రాళ్ళు కావవి. కళ్ళు పచ్చబడ్డాక ఇంకా కాచుకోవడం ప్రాణానికే మోసం.

నువ్వు కత్తికి భయపడే దానివి కాదు. నన్ను చూసి భయపడ్డావు. కోత అయ్యాక మనిషి ఇలాగే పుల్లలా మిగులుతుందని అనుకున్నావు. అందుకే ఏడాదిగా దాచిన సంగతి ఈ రోజు చెప్పక తప్పదు.

ఆపరేషన్‌కు ముందు దవాఖానలో నన్ను తూస్తే నూట నలభై ఎనిమిది పౌన్లున్నాను. పోయిన ఏడు మార్చిలో కోశారు. జానెడు కోత, ఇరవై ఒక్క రోజులు మంచం. ఆ దవాఖాన గేటు దగ్గర నువ్వు మొక్కుకున్నది నాకు గుర్తుంది: బిడ్డ బతికి బయటపడితే కోత పండుగకు బిడ్డ ఎత్తు జొన్నలు మన ప్రార్థన గుడిలో పెడతానని. ఇంటికి వచ్చేటప్పటికి పది పౌన్లు తగ్గాను. డాక్టరు ముందే చెప్పాడు. పసరు నిలవ ఉంచే తిత్తి పోయింది కనక అది చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది, నెయ్యి, కొవ్వు ఒక్కసారిగా తింటే అరగవు, కొన్నాళ్ళు కొంచెం కొంచెంగా రోజుకు ఐదుసార్లు తినాలి, తర్వాత ఒళ్ళు అదే కుదురుకుంటుంది అన్నాడు. ఆ మాట చీటీ మీద రాసి కూడా ఇచ్చాడు.

నువ్వు ఊరుకున్నావా? ఏప్రిల్లో నేను అక్కడికి వస్తే, బాలింతకు పెట్టినట్టు గిన్నెడు నెయ్యి, ఎండుమాంసం వట్టితునకల పులుసు పెట్టావు. తినకపోతే ఏడుస్తావని తిన్నాను. మూడు రోజులు నేను చెంబు పట్టుకొని పెరట్లోకి పరుగెత్తడమే. నువ్వు దిష్టి తగిలిందన్నావు. యోహాను అన్న బావి నుంచి నీళ్ళు మోసి మోసి, "అమ్మా, నీ నెయ్యి తోటి చెల్లె ఒళ్ళు గాదు, నా జబ్బలు పెరుగుతున్నయే" అని నవ్వాడు. అన్న నవ్వు నేను విన్నది అదే ఆఖరు. మే నెలలో రజాకార్లు మీ ఊరి మీద పడ్డారు. తను చదువు చెప్పే బడి ముందు, పిల్లలను వదిలి పారిపోలేదని అన్నను అక్కడే కాల్చారు. ఆ రోజు నువ్వు అన్న రక్తం తుడిచిన చేతితో గడప మీద కొట్టి, ఆ టోపీలోళ్ళ నీడ కూడా ఈ గడప మీద పడొద్దన్నావు. కబురందగానే వచ్చిన నేను పక్కనే ఉన్నాను. నేనూ ఆమెన్ అన్నాను.

అంత బాధలోనూ నా ఒళ్ళు కుదురుకుంటూ వచ్చింది. ఆగస్టుకల్లా నూట నలభై అయ్యాను. ఇది గుర్తుపెట్టుకో అమ్మా. కోత నన్ను ఎండబెట్టలేదు.

సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయింది. నిజాం లొంగిపోయాడని ఊరంతా పప్పుబెల్లాలు పంచుకున్నారు. తర్వాత వారానికి, మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయిన వేళ, ఒక ముసలామె బడి వాకిట్లో వచ్చి కూలబడింది. పాదాలు పగిలి ఉన్నాయి. కొంగు సగం కాలి ఉంది. మొహం చూసి గుర్తుపట్టలేదు, గొంతు విని గుర్తుపట్టాను.

"బేటీ, నేను సుగ్రాబీని. దవాఖాన ఆయాని. మీ ఇల్లు బడి పక్కనే అని నువ్వు చెప్పినవ్ గద."

దవాఖానలో కోత అయిన రాత్రి మొదలు నా దగ్గర కూర్చున్నది ఆమే. నీళ్ళు తాగొద్దన్న రెండు రోజులు తడి దూదితో నా పెదాలు అద్దుతూ, "జర ఓర్చుకో బేటీ, ఇంకో పూట" అని నాకు ధైర్యం చెప్పింది. పక్కలోంచి పెట్టిన రబ్బరు గొట్టం నుంచి పసరు కారితే, ముఖం తిప్పుకోకుండా కడిగింది. నిన్ను లోపలికి రానివ్వని రోజుల్లో నీ పనంతా ఆమె చేసింది. సెలవు మీద తన ఊరు పోయి ఉండగా, ఆ ఊళ్ళో ముస్లింల ఇళ్ళకు నిప్పు పెట్టారు. ఎవరు చేసిన దానికో ఎవరి మీదో పగ తీర్చుకున్నారు. ఎదురుగా ఉన్నవాళ్ళు దొరికారు, అంతే. మూడు కోసుల దూరం చేలలో పడి నడిచి వచ్చింది.

ఆమెను బడి వెనక కొట్లో, పాత బల్లల చాటున పెట్టాను. మత్తయి, "పట్టుకుంటే మనని గూడ బతకనియ్యరు లీదియా" అని ఒక్కసారి అని, తర్వాత చాప తెచ్చి ఇచ్చాడు. రెండో రోజు పళ్ళెంలో జొన్నరొట్టె పెట్టి ఇస్తే ఆమె ముట్టలేదు.

"బేటీ, ముందు ఒక మాట. నా కొడుకు గూడ రజాకార్లల్ల చేరిండు. గా టోపీ పెట్టుకొని తిరిగిండు. యాడికి పోయిండో, ఏం జేసిండో నాకు ఎర్కలేదు. ఇప్పుడు బతికున్నడో లేడో గూడ ఎర్కలేదు. నీ అన్న సంగతి నాకు ఎర్కైంది. ఇది దాచి నీ కూడు తింటే నాకు అరగది."

అమ్మా, నేను ఆ పళ్ళెం వెనక్కి తీసుకున్నాను. నీకు చెప్పడానికి సిగ్గుపడను, ఆమెకు చేసిన దానికి సిగ్గుపడుతున్నాను. ఆ పూటా, మర్నాడు పగలంతా ఆమెకు కూడు పెట్టలేదు. బళ్ళో పిల్లలకు ఎక్కాలు చెప్తున్నాను గానీ, గోడ అవతల ఆకలితో ఉన్న మనిషి ఊపిరే నాకు వినిపిస్తున్నది. ఆమె అడగలేదు, తలుపు కొట్టలేదు, వెళ్ళిపోతాననీ అనలేదు. సాయంత్రం డాక్టరు చీటీ ప్రకారం గిన్నెలో జావ పోసుకొని కూర్చున్నాను. నోట్లోకి పోలేదు. లేచి ఆమెకు తీసుకుపోయి ఇచ్చాను. ఆ జావ తాగుతూ ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎవరి కొడుకు కోసం ఎవరం ఏడ్చామో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నుంచి ఐదుసార్ల తిండిని ఇద్దరం పంచుకున్నాం. నా పొయ్యి రోజుకు ఐదుసార్లు వెలిగినా ఊరు అనుమానించలేదు, ఆపరేషన్ మనిషి కదా అనుకున్నారు. ఒకసారి మిలిటరీ వాళ్ళు వచ్చి, గుట్టల్లో దాక్కున్న కమ్యూనిస్టు సంఘం వాళ్ళకు వండి పంపుతున్నావా అని గద్దించారు. నేను డాక్టరు చీటీ చూపించాను. వాళ్ళ ఆఫీసరు చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, తిరిగిచ్చి పోయాడు. గోడ అవతల సుగ్రాబీ ఉంది.

ఆ ఏడు సర్కారు లెవీకి కొలిచింది పోగా గింజలు తక్కువ. ఎక్కువ వండితే రుక్కమ్మకైనా తెలుస్తుంది. అందుకని నా వంతే సగం చేశాను. నా కోసమని నువ్వు పంపిన జొన్నలు, ఉలవలు, నెయ్యి చాలావరకు ఆమె తిన్నది. వట్టితునకలు మాత్రం హలాల్ కాదని అంత ఆకలిలోనూ ముట్టలేదు. పోయిన కోత పండుగకు నేను రానిది ఆమెను ఒంటరిగా వదల్లేకే. క్రిస్మస్‌కు వస్తే నువ్వు నా జబ్బలు పట్టి చూసి, "గీ బొక్కల గూడును తూస్తే దేవుణ్ణి మోసం జేసినట్లే. కండ పట్టినంక రా, అప్పుడు తూస్త" అన్నావు. అప్పుడు నేను నూట పదిహేడు పౌన్లు. ఆ ఇరవై మూడు పౌన్లు తగ్గింది కత్తి వల్ల కాదు అమ్మా. నా చేతులారా నేను తగ్గించుకున్నాను. అది నీ ఎదుట చెప్పే ధైర్యం లేక, అరగడం లేదని అబద్ధం ఆడాను. ఆ అబద్ధం విని నువ్వు ఇప్పుడు దవాఖాన వద్దంటున్నావు. నీకు ఏమైనా అయితే నా అబద్ధమే నిన్ను చంపినట్టు.

ఉగాది తర్వాత సుగ్రాబీని దవాఖానలో మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. కొడుకు జాడ ఇప్పటికీ లేదు. ఆమె పోయాక నా వంతు నేను తింటున్నాను. నిన్న తూయించుకుంటే నూట ముప్పై రెండు. ఇప్పుడు చెంచాడు నెయ్యి కూడా అరుగుతున్నది, నువ్వు పోసినంత కాదు గానీ.

ఇక నీ అరుగు మీద కూర్చున్నది ఎవరో నీకు తెలిసే ఉంటుంది. అవును, ఆమే. తెలుగు చదవడం ఆమెకు రాదు, ఇందులో ఏముందో చెప్పలేదు. నీ నొప్పి సంగతి చెప్పగానే పది రోజులు సెలవు పెట్టి, "మీ అమ్మను నేను తోలుకొస్త బేటీ" అని తనే బయలుదేరింది. మత్తయి నీ కోసం దవాఖానలో మాట్లాడి మంచం ఉంచాడు. కోత రాత్రి నీ పెదాలు తడపడానికి ఆమె ఉంటుంది.

నీ ఇంటి నీళ్ళు తాగిన మనిషిని నువ్వు ఎన్నడూ వెళ్ళగొట్టలేదు. అందుకే ముందు నీళ్ళిమ్మన్నాను. నిన్ను మాయ చేశాను, తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు. అన్నను మరిచిపొమ్మని నేను అడగను, నేనే మరవలేను. ఆమె కొడుకు ఏం చేశాడో మనకు తెలియదు. ఆమె ఏం చేసిందో మాత్రం నా ఒంటికి తెలుసు.

జవాబు రాయకు. రేపటి బస్సులో ఆమెతో పాటు నువ్వు దిగితే అదే నాకు జవాబు. కోత పండుగ నాటికి నీ గాయం మానుతుంది. అప్పుడు నన్ను కాంటాలో కూర్చోబెట్టు, మొక్కు తీర్చు. నేను ఇంకా తక్కువే తూగుతాను. దేవుణ్ణి మోసం చేసినట్టవుతుందని నీకు అనిపిస్తే, నా పక్కన సుగ్రాబీని కూడా కూర్చోబెట్టు. నాలో తగ్గింది ఆమెలో ఉంది.

ఇట్లు,
తూకానికి వచ్చే
నీ బిడ్డ
లీదియా