చింతపండు మూటలు

2006 మార్చి 14, మంగళవారం

ఏ నెలలో ఏ పని దొరుకుతుందో ఇవాళ మా తమిళ బడిలో నాలుగో తరగతికి చెప్పాను. బోర్డు మీద మార్చి పక్కన చింతపండు అని రాసి, వారంగా బడికి రాక ఇవాళే వచ్చిన రేవతిని నిలబెట్టాను. గింజలు తీస్తూ ఇంట్లో కూర్చుంటే చదువెట్లా వస్తుందని అందరి ముందూ తమిళంలో కడిగేశాను.

అది నా దగ్గరికొచ్చి, తక్కిన పిల్లలకు రాని తెలుగులో మెల్లగా చెప్పింది. "మూటలు మీ అత్తమ్మే పంపినారు టీచర్. ఉగాదిలోపల ముగించి ఇయ్యాలంట."

తొమ్మిదేళ్ల పిల్ల నా పరువు కాపాడింది.

ఏటా మా వాకిట్లో మూటలు బండెక్కడం చూస్తూనే ఉన్నాను. ఎవరింటికని ఒక్కసారైనా అడిగానా?

రాత్రి అత్తమ్మ కొత్త చింతపండుతో పచ్చడి నూరింది. అడుగుదామనే అన్నానికి కూర్చున్నాను. ఒక్క గింజ కూడా తగల్లేదు. బాగుందని రెండోసారీ వడ్డించుకున్నాను.