మేడ మీద రేయ్

రేపల్లె,
8-7-1992

అమ్మాయి రూతుకు, మేడ ఆసామి సోమన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మా ఆవిడ సుందరమ్మా క్షేమం. నువ్వు మంగళవారం, శనివారం తెనాలి నుంచి రైల్లో వచ్చి, మా మేడ మీద హాల్లో ఆడపిల్లలకు కరాటే నేర్పి, ఏడు గంటల బండికి పరుగెత్తుతావు. మాట్లాడదామంటే మెట్ల దగ్గర నడుం వంచి దండం పెట్టి మాయమవుతావు. ముప్ఫై నాలుగేళ్ళు తపాలా శాఖలో చేసి పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి, నోటిమాట కంటే రాతే నాకు నమ్మకం. అందుకే కార్డు కాకుండా ఈ కవరు.

హాలు అడిగిన రోజున నువ్వేమన్నావు? కరాటేలో దెబ్బ తరవాత, మర్యాద ముందు అన్నావు. ఆ మాట నచ్చే తాళం ఇచ్చాను. మోకాళ్ళ నొప్పి వల్ల నేను మేడ ఎక్కను గానీ నా చెవులు బాగానే ఉన్నాయి. క్లాసు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, ఎవరో పిల్ల గట్టిగా "సోమన్ని రేయ్" అంటోంది. ఈ ఊళ్ళో నన్ను రేయ్ అన్న ఆఖరి మనిషి మా మేనమామ. ఆయన పోయి పదకొండేళ్ళయింది.

సంజాయిషీ కోరుతూ,
ఆకురాతి సోమన్న

తా.క. మంగళవారం నీ గొంతు కూడా వినబడింది. మొదలుపెట్టిందే నువ్వు.


తెనాలి,
11-7-1992

పూజ్యులు సోమన్న బాబాయి గారికి రూతు నమస్కారాలు.

అది మీ పేరు కాదండి. జపాన్ మాట. షోమెన్ అంటే ముందువైపు, రేయ్ అంటే వందనం. "షోమెన్ ని రేయ్" అంటే ముందువైపుకు వందనం చెయ్యమని. మా పిల్లల నోట్లో అది కాస్త నలిగి మీ దాకా వచ్చింది.

ఆ వందనం నిలబడి చేసేది కాదు. ముందు ఎడమ మోకాలు నేలకు ఆనాలి, తరవాత కుడిది. మడమల మీద కూర్చుని వీపు నిటారుగా పెట్టాలి. కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకోవాలి. అప్పుడు ఎడమ చెయ్యి, కుడి చెయ్యి నేలకు ఆన్చి వంగాలి. ఆ కూర్చునే తీరును సేయ్‌జా అంటారు. కూర్చోవడం చేతకానివాళ్ళకు నేను గుద్దడం నేర్పను.

విధేయురాలు,
రూతు

తా.క. పిల్లలు మిమ్మల్ని పోస్టు తాతగారు అంటారండి. రేయ్ అనేంత ధైర్యం వాళ్ళకు లేదు.


రేపల్లె,
19-7-1992

అమ్మాయి రూతుకు ఆశీస్సులు.

జపాను వాళ్ళు దండం పెట్టడాన్ని రేయ్ అంటారని రాశావు. నమ్మాను. నమ్మి, నిన్న కుర్చీ మెట్ల కిందకే వేయించుకుని విన్నాను. "సెన్సేయ్‌ని రేయ్" అని వినబడింది. సెన్సేయ్ అంటే గురువట, సుందరమ్మ చెప్పింది. పిల్లలకు మంచినీళ్ళివ్వడానికి పైకి వెళ్తుంటుందిలే. అంటే నన్ను వదిలేసి గురువుని పట్టుకున్నారు. దానికి తక్కిన పిల్లలంతా కలిసి "ఓస్" అన్నారు. మా వైపు ఓస్ అంటే నీ బతుకు ఇంతేనా అని అర్థం.

ఎదురింటి పూర్ణచంద్రరావు ఇది విని, "ఏంటి సోమన్నా, మేడ మీద నీకు బాగా జరుగుతోందే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ నెలాఖరుకు హాలు ఖాళీ చెయ్యవలసింది.

ఇట్లు,
ఆకురాతి సోమన్న

తా.క. ఈ సంగతి సుందరమ్మకు చెబితే, నిన్న రాత్రి నుంచి పులుసులో ఉప్పు వెయ్యడం లేదు. కారణం తెలియదు.


తెనాలి,
22-7-1992

బాబాయి గారికి నమస్కారాలు.

మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ ఒక మాట రాయకుండా ఖాళీ చెయ్యను. మీ మేడ కాబట్టే మీ ఊరివాళ్ళు ఆడపిల్లల్ని పంపుతున్నారు. తెనాలికి ఎవరూ పంపరు, నేను అడిగి చూశాను. హాలు పోతే క్లాసు పోతుంది. బస్సులో మీద చెయ్యి వేసినవాడికి గట్టిగా "తియ్యి" అని చెప్పడం ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు.

జపాన్ మాటలో "ని" అంటే మన "కు" అండి. గురువుకు వందనం. ఓస్ అంటే చిత్తం అని.

మీరు ఒక్క ఐదు నిమిషాలు అలా కూర్చుని చూడండి. లేచాక కూడా పొమ్మంటే పోతాను, మారుమాట్లాడను.

విధేయురాలు,
రూతు

తా.క. మోకాళ్ళ కింద దిండు పెట్టుకోవచ్చు. తప్పు కాదు.


రేపల్లె,
27-7-1992

అమ్మాయి రూతుకు ఆశీస్సులు.

దిండు పెట్టుకోలేదు. నిన్న ఆదివారం హాల్లో ఎవరూ ఉండరని, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. ఐదు నిమిషాలన్నావు, పావుగంట కూర్చున్నాను. మొదట నీ మీద కోపం, తరవాత పూర్ణచంద్రరావు మీద, ఆ తరవాత 1967లో నా ప్రమోషన్ ఆపిన సూపరింటెండెంటు మీద కోపం వచ్చాయి. పది నిమిషాలయ్యేసరికి ఎవరి మీద ఎందుకో గుర్తు రాలేదు. అంత నిమ్మళంగా నేనెప్పుడూ లేను.

లేవబోతే కాళ్ళు లేవు. ఉన్నాయిగానీ నావి కావు. పార్శిల్ మూటలా పక్కకు ఒరిగాను. సుందరమ్మ వచ్చి, "కంగారుపడకండి, ముందు కుడికాలు ఎత్తండి" అంది. ఎత్తాను, లేచాను.

హాలు నీదే. చిత్తం.

ఇట్లు,
సోమన్న

తా.క. మూడు వారాల దాకా మేడ ఎక్కొద్దని డాక్టరు అన్నాడు. పులుసులో ఉప్పు వచ్చింది.


తెనాలి,
17-8-1992

బాబాయి గారికి నమస్కారాలు.

ఇరవై మూడు, ఆదివారం మన పిల్లలకు బెల్టు పరీక్ష. విజయవాడ నుంచి లాల్ అహమ్మద్ గారు పరీక్షాధికారిగా వస్తున్నారు. అదే రోజు బాపట్లలో స్కూళ్ళ ఆటలపోటీలకు నాకు డ్యూటీ వేశారు. డ్రిల్లు టీచర్ని, తప్పదు. మొదటి వందనానికి పెద్దవాళ్ళెవరైనా ముందు కూర్చుని ఆజ్ఞ చెప్పాలి. మీరే చెప్పాలి.

అభ్యర్థుల పేర్లున్న కవరు అంటించి జతచేశాను. ఆయన చేతికే ఇవ్వండి.

విధేయురాలు,
రూతు

తా.క. ఏం జరిగినా దయచేసి సేయ్‌జాలోనే ఉండండి.


రేపల్లె,
24-8-1992

అమ్మాయి రూతుకు ఆశీస్సులు.

నిన్న పంచె బిగించి కట్టి మేడ ఎక్కాను. ఎడమ మోకాలు, కుడి మోకాలు, వీపు నిటారు. "షోమెన్ ని రేయ్" అని నేనే అరిచాను. పూర్ణచంద్రరావు ఇంటి దాకా వినబడిందని తెలిసింది. లాల్ అహమ్మద్ గారు నన్ను చూసి, ఎన్నేళ్ళుగా సాధన చేస్తున్నారండి అని అడిగారు. నేను ఆయన అంచనాకు అడ్డు రాలేదు.

ఆయన కవరు విప్పి పేర్లు పిలిచారు. పదకొండుమంది లేచారు. ఆయన పన్నెండో పేరు చదివారు: ఆకురాతి సుందరమ్మ.

పక్క గదిలోంచి తెల్లబట్టల్లో మా ఆవిడ వచ్చింది. నడుముకు బెల్టు, జుట్టు ముడి. నన్ను చూడలేదు. సేయ్‌జాలో కూర్చుని, వంగి, చెయ్యి ఆన్చకుండా లేచింది. లేచి అడ్డం వెళ్ళేవాణ్ణేమో, చెప్పలేను. అప్పటికి నా కాళ్ళు మళ్ళీ నావి కావు. అందువల్ల పూర్తిగా చూశాను. గుద్దింది, ఆపింది, అరిచింది. ఆ అరుపు నలభై ఏళ్ళ కాపురంలో నేను విననిది. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకునే మనిషి, అంత నిటారుగా నిలబడుతుందని నాకు తెలియదు. నా కళ్ళు తడిశాయి. కాళ్ళ తిమ్మిరి వల్ల అని లాల్ అహమ్మద్ గారికి చెప్పాను.

పన్నెండుమందీ పాసయ్యారు.

కిందకు దిగాక, ఆరు నెలల నుంచి నేర్చుకుంటూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే మీరు ఉత్తరం రాస్తారుగా అండీ" అంది.

ఇట్లు,
సుందరమ్మ భర్త సోమన్న

తా.క. సర్టిఫికెట్‌లో ఆవిడ వయసు యాభై రెండని పడింది. అసలుది యాభై ఎనిమిది. సరిచేయించవద్దని ఆవిడ అభిప్రాయం. నిన్నటి నుంచి ఆవిడ అభిప్రాయమే నాదీ.