నెమ్మదిగా, కానీ లాగకుండా

పియానో పాఠాలు చెప్పుకుని బతికిన నేను, తుంటి ఎముక విరిగి మంచం పట్టినా బుర్ర చెక్కుచెదరకుండా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. పక్క వాటా డాక్టరు గారు నన్ను పరీక్షించి, తెలివి నిలకడగా ఉందని రాసిచ్చారు. ఇవాళ ఏ వారమని అడిగారు, చెప్పాను. నా కిటికీలోంచి కనిపించే ఆయన గదిలో క్యాలెండరు ఇంకా పోయిన నెల దగ్గరే ఉందని కూడా చెప్పాను. ఇంతకుముందు రాసినవేమైనా ఉంటే అవి చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత ప్లీడరు గారిది.

1. ఈ ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నా ఒంటి మీది బంగారం సర్వహక్కులతో నా కూతురికి చెందుతాయి. పిల్ల నన్ను బాగా చూసుకుంది. సంగీతం అబ్బలేదు, అది నేరమేమీ కాదు.

2. అల్లుడికి, గ్లాసుల కింద పెట్టుకునే చెక్క బిళ్ళలు. పియానో మూత మీద కాఫీ గ్లాసు పెట్టొద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఇక ఆ బిళ్ళలే చెబుతాయి.

3. ముందు గదిలోని పియానో, దాని బెంచీ నా తదనంతరం నా చెల్లెలికి చెందాలి, కానీ ఒక షరతు మీద. చిన్నప్పటినుంచీ మేమిద్దరం ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని వాయించిన రచన ఒకటుంది. ఇ మైనర్ స్వరాల్లో నడిచి, చివరి పేజీలో మేజర్‌కి మారుతుంది. మొదటి వరస పైన ‘నెమ్మదిగా, కానీ లాగకుండా’ అని అచ్చులో ఉంటుంది. నేను మొదటి మాట పట్టుకున్నాను, చెల్లెలు రెండో మాట పట్టుకుంది. చెల్లెలు ఆ రచనలో తన భాగాన్ని ప్లీడరు గారి ఎదుట, పెట్టిన వేగానికి తాళం కొట్టే టక్‌టక్ పెట్టె మీద నేను ఎర్రసిరాతో గీత పెట్టిన వేగానికి, మొదటినుంచి చివరిదాకా వాయించాలి. పరిగెత్తిందా, పియానో ఊళ్ళోని సంగీతం బడికి పోతుంది. “ఇది కోర్టులో నిలవదమ్మా” అన్నారు ప్లీడరు గారు. నిలవకపోయినా రాయమన్నాను.

4. కారణం కూడా నమోదు కావాలి. చాలా ఏళ్ళ కిందట, పెద్ద హాల్లో మా కచేరీ. పై భాగం దానిది, కింది భాగం నాది. రెండో పేజీకే అది నన్ను వదిలేసి దౌడు తీసింది. చివరి మెట్టు నొక్కి, లేచి నిలబడి, సభకి నమస్కారం పెట్టింది. నేనింకా మైనర్‌లోనే ఉన్నాను. జనం నవ్వారు. మధ్యలో ఆపితే మరీ అప్రతిష్ట అని కింది భాగం ఒక్కదాన్నే చివరిదాకా వాయించాను. తోడు లేని ఆ కింది భాగం ఉప్పు లేని వంటలా ఉంటుంది. ఆ తర్వాత మేం ఒక బెంచీ మీద కూర్చోలేదు. పెళ్ళిళ్ళలో కలిశాం, బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం, అంతే. కరపత్రంలో నా పేరు కింద ‘సహాయం’ అని అచ్చు వేయించిన ఆ హాలు కార్యదర్శికి ఈ వీలునామాలో ఏమీ లేదు.

మైనర్ అనగానే ఏడుపు అనుకుంటారు. మా అమ్మాయి కూడా ఆ రచనని ఏడుపుగొట్టుది అంటుంది. కాదు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక గిన్నెలు తుడిచి సర్దుకునే మనిషి మనసు అది. చివర్లో వచ్చే మేజర్ సంతోషం కాదు, ఊరట. పరిగెత్తేవాళ్ళకి అది వచ్చిందని కూడా తెలియదు. నా బాధంతా అదే.

5. చెల్లెలి భర్త, మా మరిది గారికి నా పడక కుర్చీ. మా అక్కచెల్లెళ్ళని కలపాలని ఆయన పడని పాట్లు లేవు. ఇంకెవరైనా అయితే ఎప్పుడో చేతులెత్తేసేవారు.

6. పై అంశాలు రాయించి, సంతకం పెట్టకముందే, పోయిన ఆదివారం చెల్లెలు వచ్చింది. మంచం పక్కన కూర్చుని మందుల గురించీ పథ్యం గురించీ మాట్లాడింది. తర్వాత ముందు గదిలోకి వెళ్ళి పియానో మూత తెరిచింది. అదే రచన. నా ఎర్ర గీత కంటే కూడా నెమ్మదిగా వాయించింది. నేను ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. కానీ పేజీ తిరిగేసరికి ఏదో తేడాగా అనిపించింది. ఒక మెట్టు నొక్కి, తర్వాతి మెట్టు కోసం తడుముకుంటోంది. అమ్మాయిని పిలిచి అడిగాను. “పిన్నికి వేళ్ళ కణుపులు వాచిపోయాయమ్మా. చాన్నాళ్ళైంది. నీకు చెప్పొద్దంది” అని నీళ్ళు నమిలింది. నెగ్గానన్న తృప్తి నాకు కలగలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పరిగెత్తవే, ఎప్పట్లా పరిగెత్తు అని మంచం మీదినుంచి లోలోపల బతిమాలుకున్నాను.

7. కనుక మూడో అంశంలోని షరతు రద్దు. బడికి టక్‌టక్ పెట్టె ఇచ్చేయండి, ఇక్కడ దానితో పని లేదు. మొత్తం తిరగరాద్దామన్నారు ప్లీడరు గారు. వద్దన్నాను. నా కోపం కూడా చెల్లెలు చదవాలి. అదే అంశంలోని ‘నా తదనంతరం’ అన్న మాట కూడా రద్దు. పియానో ఇవాళ్టినుంచే దానిది. తీసుకెళ్ళమంటే, “మా గుమ్మంలో పట్టదక్కయ్యా. నేనే వస్తూ ఉంటాలే, నువ్వు వింటూ ఉండు” అంది. అందుకని వీధి తలుపు తాళంచెవి ఒకటి చెల్లెలికి చెందుతుంది. అమ్మాయి ఒప్పుకుంది. నేను పోయేదాకా ఆగే ఆస్తి కాదిది. ప్లీడరు గారు ఈ వాక్యం రాస్తుండగానే, పక్కనే ఉన్న చెల్లెలి చేతిలో తాళంచెవి పెట్టేశాను.

తేదీ: జూన్ పదకొండు, గురువారం

సంతకం: పియానో టీచరమ్మ

సాక్షులు:
పక్క వాటా డాక్టరు
పియానో శ్రుతి చేసే ఆయన